గేటు లోపల ఓటెవరిది?

పోయిన వేసవిలో ఒక ఉదయం మా ఫ్లాటు తలుపు కిందనుంచి ఒక కాగితం లోపలికి జారింది. బాల్కనీ రెయిలింగు మీద బట్టలు ఆరవేయడం నిషేధించడమైనది, ఉల్లంఘించినచో జరిమానా విధించబడును అని రెండు ముక్కలు. కింద అసోసియేషన్ ముద్ర. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి వాక్యం కనబడగానే కర్త కోసం వెతకడం నాకలవాటు. ఈ వాక్యాల్లో కర్త లేడు. నిషేధించింది ఎవరో, జరిమానా వేసేది ఎవరో తెలియదు. బట్టలు ఉతికేది, ఆరేసేది ఎవరో మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కాగితం ఏ ఇంటికి వెళ్ళినా దానికి జవాబు చెప్పుకోవాల్సింది ఆ ఇంటి ఆడమనిషే.

మేముండేది శామీర్‌పేట చెరువుకు కాస్త దూరంలో, అద్దె ఇంట్లో. ఆ నెల జనరల్ బాడీ సమావేశానికి వెళ్ళాను. రెయిలింగు కాకపోతే మేడమీద తీగలైనా కట్టించండి అని అడగాలనుకున్నాను. లేచి నిలబడగానే కార్యవర్గంలో ఒకాయన మర్యాదగానే అన్నారు. "మేడమ్, మీరు టెనెంట్ కదా. మీ ఓనర్‌గారితో చెప్పించండి." కూర్చున్నాను. పక్కనున్నావిడ నా చెయ్యి తట్టి, "నేను మాత్రం మాట్లాడతానా ఏంటమ్మా, ఇల్లు మా ఆయన పేరు మీదుంది" అని నవ్వింది. ఆవిడ ఆ ఇంట్లో దిగి పదేళ్ళయింది. ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు.

నిజం చెప్పాలంటే ఈ గేటు వెతుక్కుంటూ వచ్చింది నేనే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు టోల్ ప్లాజా సమీపంలో ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య ఈ ఊరి చుట్టూ ఉండే ఆడవాళ్ళ భయాలకు ఒక చిరునామా ఇచ్చాయి. రాత్రి తొమ్మిదింటికి లైబ్రరీ నుంచి తిరిగొచ్చే నాకు కెమెరాలు, కాపలా ఉన్న గేటు ఊరటే. కనుక నియమాలన్నీ అణచివేతే అని నేను సులువుగా అనలేను. కానీ నాకు రక్షణ ఇచ్చే గేటు ఎవరిని లెక్కలో వేసుకుంటోంది, ఎవరిని వేసుకోవడం లేదు అని అడగకుండా ఉండలేకపోతున్నాను.

మా ఇంట్లో పనిచేసే అక్కది పక్క ఊరే. ఆమె రోజూ గేటు దగ్గర ఆగుతుంది. ఫోన్ యాప్‌లో నేను 'అనుమతి' నొక్కాలి. వెళ్ళేటప్పుడు సంచీ తెరిచి చూపాలి. నేనెప్పుడూ ఎవరికీ సంచీ చూపలేదు. ఒకరోజు ఆమె అంట్లు తోముతూ మామూలుగా అంది. "ఈ గేటున్న కాడ మా అత్తోళ్ళ చేనుండె. మక్క ఏసేటోళ్ళం."

అప్పుడు ఈ నేల చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. శామీర్‌పేటకు మన దేశపు సామాజిక శాస్త్రంలో ఒక స్థానముంది. ఎస్.సి. దూబే 1955లో అచ్చువేసిన 'ఇండియన్ విలేజ్' ఈ ఊరి గురించే. 1950ల మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బృందం ఇక్కడ అధ్యయనం చేసింది. అప్పుడు ఊరి జనం సుమారు 2,500. ఎవరి ఇళ్ళు ఎక్కడుండాలో, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగాలో, ఎవరు ఎవరికి ఏ పని చేయాలో ఆ పుస్తకంలో వివరంగా ఉంది. మాల, మాదిగ వాడలు ఊరికి ఎడంగా ఉన్నాయి. కట్టుబాటు తప్పితే కులపంచాయతీ జరిమానా వేసేది, వెలి వేసేది. దూబే సహచరి లీలా దూబే తర్వాతి కాలంలో బంధుత్వం, స్త్రీలు, కులం మీద రాసి మన దేశంలో స్త్రీవాద మానవశాస్త్రానికి దారి వేసినవారిలో ఒకరయ్యారు. ఆడవాళ్ళ కదలికల మీది అదుపుకూ కులాన్ని నిలబెట్టుకోవడానికీ ఉన్న ముడిని ఆమె చూపించారు. ఆ మాట గుర్తుంచుకుని చూస్తే, మా నియమావళిలో 'పనివారు, డ్రైవర్లు, పెంపుడు జంతువులు' అని ఒకే శీర్షిక ఉండడం, వాళ్ళకు వేరే లిఫ్టు ఉండడం కొత్తగా అనిపించవు. వెనకటి కట్టుబాటుకు కాగితం లేదు. దీనికి రిజిస్ట్రేషన్ నంబరుంది.

భూమి చేతులు మారిన కథ కూడా చిన్నదేం కాదు. నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఒక తాలూకా. ఆ జిల్లా నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్ కిందిది. 1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసింది, ఆ ఏడాదే జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఎన్ని మారినా పట్టాలు ఎక్కువగా మగవాళ్ళ పేర్ల మీదే రాశారు. 1999 తర్వాత జీనోమ్ వ్యాలీ, ఆ పైన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాయి. మక్కచేలు గజాల లెక్కన అమ్ముడుపోయాయి.

ఇక్కడే ఆడవాళ్ళు కాగితాల్లో కనిపిస్తారు. 1985 సెప్టెంబరు నుంచి అమలైన హిందూ వారసత్వ సవరణతో ఆంధ్రప్రదేశ్ పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం చేసిన సవరణ దాన్ని దేశమంతటికీ విస్తరించింది. ఎంతోమంది పోరాడి తెచ్చుకున్న హక్కు అది. ఈ ఊళ్ళలో ఆ హక్కు ఎక్కువగా ఒక సంతకం రూపంలో వచ్చింది. కొనేవాళ్ళ లాయర్లు ఆడపిల్లల సంతకాలు లేకపోతే ఒప్పుకోరు. అక్క మాటల్లో, "ఎన్నడు పిలవనోళ్ళు సంతకానికి మా ఆడబిడ్డల్ని కారు పంపి పిలిచిన్రు. చీరలు పెట్టిన్రు." భూమి ఉన్నన్నాళ్ళూ వాటా గుర్తు రాలేదు. భూమి పోయేరోజు వాళ్ళు హక్కుదార్లయ్యారు, అదీ వదులుకోవడానికి.

ఈ సంతకాల మీద లేచిన గోడల లోపల నియమాలు రాసుకునే పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చింది? మన దేశంలో సహకార గృహ సంఘాల తొలి అడుగుల్లో ఒకటి 1915లో బొంబాయి గామ్‌దేవిలో ఏర్పడిన సారస్వత్ సంఘం. పేరులోనే కులముంది. పరాయి నగరంలో తమవాళ్ళకు మంచి ఇళ్ళు కావాలన్న కోరిక తప్పు కాదు. కానీ 'తమవాళ్ళు' అనే మాట నిబంధనగా మారితే ఏమవుతుందో 2005లో సుప్రీంకోర్టు తీర్పులో చూశాం. సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసిన అహమ్మదాబాదు గృహ సంఘం నిబంధనను కోర్టు సమర్థించింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛలో ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కూడా ఉందన్నది దాని సారాంశం.

అమెరికా ఈ దారిలో మనకన్నా ముందే నడిచింది. సెయింట్ లూయిస్‌లో ఒక వీధి ఇళ్ళవాళ్ళు నల్లవాళ్ళకు ఇల్లు అమ్మకూడదని 1911లో ఒప్పందం రాసుకున్నారు. షెల్లీ కుటుంబం ఆ వీధిలో ఇల్లు కొన్నప్పుడు వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఇలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదని 1948లో తీర్పు వచ్చింది. ఆ కాలపు ఒప్పందాలు చాలావాటిలో ఒక మినహాయింపు ఉండేది. నల్లవాళ్ళు ఆ వీధుల్లో ఉండకూడదు, ఇంటి పనివాళ్ళుగా అయితే ఉండొచ్చు. ఆ మినహాయింపు గురించి చదివినప్పుడు నాకు మా గేటు, ఆమె తెరిచి చూపే సంచీ గుర్తొచ్చాయి. గోడ మనిషిని రానివ్వదు. ఆమె చేసే పనిని రానిస్తుంది.

ఇప్పుడు ఓటు సంగతి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం అసోసియేషన్ అంటే యజమానుల సంఘం. 2016లో వచ్చిన రెరా చట్టం, బిల్డరు అసోసియేషన్ ఏర్పాటు చేయించాలంది, అదీ కొనుక్కున్నవాళ్ళతోనే. అంటే గొంతు దస్తావేజుతో పాటు వస్తుంది. దస్తావేజు మీద పేరు లేని భార్య, వృద్ధురాలైన తల్లి, అద్దెకున్న ఒంటరి స్త్రీ, వీళ్ళంతా ఆ ఇళ్ళలో ఎక్కువ గంటలు గడిపేవాళ్ళే అయినా నియమం రాసే చోట ఉండరు. ఇల్లు ఆడవాళ్ళ లోకం అని చెప్పిన సమాజమే ఆ లోకం పాలనను ఆస్తి హక్కుకు కట్టేసింది.

గోడకు అవతల చూడండి. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు సీట్లు ఇచ్చింది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో అది సగం. అక్కడ ఓటుకు దస్తావేజు అక్కర్లేదు, వయసూ నివాసం చాలు. మా అక్క తోటికోడలు ఒకసారి వార్డు సభ్యురాలిగా గెలిచింది. చాలా చోట్ల జరిగినట్టు ఆమె వెనక మొగుడే మాట్లాడి ఉండొచ్చు. అయినా ఆ కుర్చీ ఆమెది, ఆమె సంతకం లేకుండా తీర్మానం కదల్లేదు. డాక్టరేటు ఉన్న నాకు నేనుండే చోట ఆమాత్రం కుర్చీ లేదు. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకున్న 51 గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. 2025 చివర్లో రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఆ జాబితాలో లేదు. పట్టణ సంస్థల్లోనూ స్త్రీలకు సీట్లున్నాయి. కానీ చెత్త, నీళ్ళు, దీపాలు, పార్కు వంటి రోజువారీ పాలన గోడల లోపలి సంఘాల చేతుల్లోకి పోతున్నకొద్దీ, రాజ్యాంగం స్త్రీలకు ఇచ్చిన చోటు బయటే మిగిలిపోతోంది.

పనిచేసే ఆడవాళ్ళకు చట్టాలు లేకపోలేదు. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనికి కనీస వేతనాలు ప్రకటించింది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం, ఇల్లు కూడా పనిచోటే అని ఒప్పుకుని, ఇంటి పనివాళ్ళ ఫిర్యాదుల కోసం జిల్లా స్థాయి కమిటీని పెట్టమంది. మా నియమావళి పనివాళ్ళ గురించి రెండు పేజీలు మాట్లాడుతుంది. వాళ్ళ ఫొటో, ఆధార్ నకలు, లిఫ్టు, కూర్చోకూడని బెంచీలు. కూలి ఎంత, సెలవు ఎన్నాళ్ళు, కష్టమొస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్నది ఒక్క ముక్క లేదు. వాళ్ళ నుంచి మనకు రక్షణ అనుకున్నారే గాని వాళ్ళకూ రక్షణ కావాలనుకోలేదు. సాయంత్రం ఏడింటికి అక్క గేటు దాటి రాజీవ్ రహదారి దాకా దీపాల్లేని దారిలో నడుస్తుంది, షేర్ ఆటో కోసం. నేను వెతుక్కుంటూ వచ్చిన భద్రత సరిగ్గా ఆ గేటు దగ్గర ఆగిపోతుంది. శంషాబాద్ భయం ఆమెకు మాత్రం లేదా?

రెండు నెలల కింద మా బ్లాకు ఆడవాళ్ళం తొమ్మిదిమంది కలిసి ఉత్తరం రాశాం. ఓనర్లు ముగ్గురు, అద్దెకున్నవాళ్ళం నలుగురం, పనికొచ్చేవాళ్ళు ఇద్దరు. మేడమీద తీగలు, గేటు బయట దారికి దీపాలు, సంచీల తనిఖీ రద్దు, సమావేశంలో ఇంట్లో ఉండే ఎవరైనా మాట్లాడే హక్కు, ఇవీ అడిగినవి. అక్కను సంతకం చేస్తావా అని అడిగితే కాసేపు ఆలోచించింది. "ఇది పోగొట్టుకునే సంతకమా, అడిగే సంతకమా?" అంది. అడిగేదే అన్నాను. పేరు నిదానంగా, పూర్తిగా రాసింది.

తీగలు కట్టారు. దీపాల సంగతి మున్సిపాలిటీ చూడాలన్నారు. తక్కిన రెండూ నియమావళికి విరుద్ధమట. అయితే ఆ నియమావళిని రాసినవాళ్ళే మార్చవచ్చు కదా అని ఈసారి సమావేశంలో లేచి అడిగింది, అప్పుడు నా చెయ్యి తట్టిన ఆ పక్కింటావిడ. సభ్యురాలు కాదని ఆమెను ఇంకా ఎవరూ కూర్చోబెట్టలేదు.