బదులు పని

డబ్బు చేతులు మారకుండా ఇరుగుపొరుగు రైతులు ఒకరి పొలం పనికి ఒకరు వెళ్ళి, రోజు బాకీని రోజుతోనే తీర్చుకునే పద్ధతి. రాయలసీమలో ముయ్యి అంటారు. టైమ్ బ్యాంకు పేరుతో నేడు ప్రపంచం చెప్పుకునేదానికి ఇది దగ్గరి చుట్టమే కాదు, వయసులో పెద్దది కూడా.

దీని అవసరం ఏమిటో నెల్లూరు తీరపు మాగాణిలో తేటగా కనిపిస్తుంది. పులికాట్ అంచున ఉన్న చిట్టమూరు మండలంలో (2022 ఏప్రిల్ 4న నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది) వరికి ఆధారం చెరువులు, వాటికి ఆధారం ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు, నవంబరు వానలకు చెరువు నిండాక ఊరంతా ఒక్కసారే దమ్ముకు దిగుతుంది. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి కాబట్టి ఎవరూ ఆగలేరు. ఎకరం, రెండెకరాల రైతుకు ఆ వారంలో కూలి డబ్బు ఉండదు, ఉన్నా మనుషులు దొరకరు. అందుకే నాలుగైదు ఇళ్ళు కలిసి ఇవాళ ఒకరి చేలో, రేపు మరొకరి చేలో నాట్లు వేసుకునేవి.

లెక్కకు కొలత పూట. పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్ళిపోయినవారికి తిరిగి ఒక పూటే వస్తుంది. బాకీ మనిషిది కాదు, ఇంటిది: కోడలికి జ్వరమొస్తే అత్త వెళ్ళి తీర్చాలి. ఎడ్లజత, నాగలి తెచ్చినవారి రోజు ఒట్టి చేతులతో వచ్చినవారి రోజుకు సమానం కాదు. ఒంటెద్దు రైతులిద్దరు జత కట్టి రెండు పొలాలూ దున్నుకోవడం ఇందులోనే మరో రకం. పుస్తకాలేమీ లేవు. ఎగ్గొట్టినవాడి చేనికి మరుసటి ఏడు ఎవరూ రారు, అదే జరిమానా.

దీన్ని పల్లె మంచితనంగా పొగిడేవారు ఒక సంగతి మరిచిపోతారు. భూమి లేని కుటుంబాలకు, ముఖ్యంగా దళితులకు, ఇందులో చోటు లేదు. వాళ్ళు ఆసామి పొలంలో ఎన్ని రోజులు వంగినా ఆసామి తిరిగొచ్చి వాళ్ళకు నాటేదేముంది? వాళ్ళ రోజుకు దక్కింది గింజల కూలి, పాలేరుతనం, కొన్నిచోట్ల వెట్టి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో.

చెరువు కట్టకూ ఇలాంటి లెక్కే ఉండేది. ఆయకట్టు రైతులు ఇంటికిన్ని రోజులని వచ్చి పూడిక తీయడం కుడిమరామత్తు. మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి, రానివారి నుంచి ఆ పని విలువకు రెట్టింపు వసూలు చేసుకునే వీలు కల్పించింది. ఊరి కట్టుబాటు అలా రూపాయల్లోకి దిగింది.

బయటి ప్రపంచంలో ఇదే ఆలోచన కాగితాల మీద నడిచింది. అమెరికాలోని సిన్సినాటిలో 1827లో జోసయా వారెన్ తెరిచిన దుకాణంలో సరుకుకు అసలు ఖరీదు ఇచ్చి, అమ్మేవాడు వెచ్చించిన సమయానికి శ్రమ చీటీ రాసివ్వాలి. 1832లో రాబర్ట్ ఓవెన్ లండన్‌లో శ్రమ మార్పిడి కేంద్రం పెట్టాడు; అది రెండేళ్ళు దాటలేదు. జపాన్‌లో తెరుకో మిజుషిమా 1973లో ఒసాకాలో స్థాపించిన శ్రమ బ్యాంకు గృహిణులతో నిలదొక్కుకుంది. 1980లో ఎడ్గర్ కాన్ అనే అమెరికన్ న్యాయవాది ప్రతిపాదించిన టైమ్ డాలర్లలో వకీలు గంట, వంటమనిషి గంట ఒకటే. నాగలికి ఎక్కువ లెక్కగట్టిన మన రైతు దీనికి ఒప్పుకునేవాడు కాదేమో. భారతదేశంలో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2019లో టైమ్ బ్యాంకు ప్రయత్నం మొదలుపెట్టింది.

ట్రాక్టరు వచ్చాక ఎడ్లజత లెక్క పోయింది. వరికోత యంత్రం కోతల బదులును మింగేసింది. నాట్లు ఎకరానికి ఇంతని గుత్తకు వెళ్ళాయి. 2006లో మొదలైన ఉపాధి హామీతో రోజుకు ప్రభుత్వమే ఒక ధర కట్టింది. భూమి లేనివారికి ఆ ధర నష్టం కాదు, బేరమాడే బలం.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళ నమ్మకం మాత్రం నెల్లూరులో మరో దారి పట్టింది. 1992లో దూబగుంట అనే ఊరి నుంచి పాకిన సారా వ్యతిరేక ఉద్యమం తరవాత నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో ఒక్కో సభ్యురాలు దాచింది పూట కాదు, రోజుకో రూపాయి.