అంచు మొద్దుబారితే టైమ్ జారిపోతుంది: డాబాగార్డెన్స్ నుంచి పికోసెకన్ల దాకా

ఈ ఎపిసోడ్‌లో పాతకాలపు శాంప్లింగ్ ఆసిలోస్కోపుల గురించి మాట్లాడుకుందాం. కానీ మొదలుపెట్టేది మాత్రం మన విశాఖపట్నంలో, 1874లో. అప్పటికి ఎలక్ట్రాన్ అన్న మాటే పుట్టలేదు. అయినా ఈ కథలోని అసలు చిక్కు అక్కడే కనిపిస్తుంది.

ఇవాళ డాబాగార్డెన్స్ అంటే షాపులు, ట్రాఫిక్. కానీ 1840లో గోడే వెంకట జగ్గారావు గారు అక్కడ సొంతంగా ఒక అబ్జర్వేటరీ కట్టించారు. జమీందారీ కుటుంబం వాళ్లది. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్నారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ పని కొనసాగించారు. 1874 డిసెంబర్ 9న శుక్రగ్రహం సూర్యుడి ముందు నుంచి దాటినప్పుడు, ఆయన విశాఖ నుంచే దాన్ని గమనించారు.

దాని కోసం ప్రపంచమంతా ఎందుకు ఎదురుచూసిందంటే, శుక్రుడు సూర్యుడి అంచుని తాకే క్షణాన్ని వేర్వేరు ఊళ్లలో సరిగ్గా నమోదు చేస్తే, భూమికీ సూర్యుడికీ మధ్య దూరం లెక్కకట్టొచ్చు. అంటే ఇక్కడ కొలవాల్సింది ఒకే ఒక్క క్షణం.

చిక్కు కూడా అక్కడే. ఆ రోజు శుక్రుడి నల్ల చుక్క సూర్యుడి అంచు తాకినప్పటి నుంచి పూర్తిగా లోపలికి రావడానికి దాదాపు అరగంట పట్టింది. అంత మెల్లగా జరిగేదాంట్లో "ఇదిగో, ఇప్పుడే" అని ఎక్కడ చెప్తాం? పైగా చుక్క అంచు నుంచి విడిపోయేటప్పుడు, తారు బొట్టు సాగినట్టు మధ్యలో ఒక నల్ల తోక కనిపిస్తుంది. దీన్ని బ్లాక్ డ్రాప్ అంటారు. 1769లో తాహితీలో కెప్టెన్ కుక్, చార్లెస్ గ్రీన్ ఒకేచోట నుంచి చూసినా వాళ్లు రాసుకున్న టైములు కలవలేదు. గడియారం ఎంత మంచిదైనా లాభం లేదు. అంచు మొద్దుగా ఉంటే క్షణం చేతికి చిక్కదు.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఇప్పుడు ఎలక్ట్రానిక్స్‌లోకి వద్దాం. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మిల్లీసెకను అంటేనే చిన్నది. ఇక్కడ లెక్క పికోసెకన్లలో ఉంటుంది, అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. అంతసేపట్లో కాంతి కూడా 0.3 మిల్లీమీటర్లే వెళ్తుంది. 1950లలో ఏ మామూలు ఆసిలోస్కోపూ అంత వేగాన్ని నేరుగా చూపించలేకపోయింది. మరి ఎలా చూశారు?

ఆకాశం మనకి రోజూ చూపించే కిటుకుతోనే. నక్షత్రాలు రోజుకి సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. మీరు ప్రతి రాత్రి సరిగ్గా 9 గంటలకి మేడమీదకెళ్లి ఒక్క ఫొటో తీశారనుకోండి. రోజుకి కొంచెం కొంచెం జరుగుతూ, ఏడాది తిరిగేసరికి ఆకాశం ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక రోజులో జరిగే తిరుగుడు ఏడాదికి సాగిందన్నమాట. శాంప్లింగ్ ఆసిలోస్కోప్ చేసేదీ ఇదే. మళ్లీ మళ్లీ వచ్చే సిగ్నల్ నుంచి ప్రతిసారీ ఒక్క చుక్క, క్రితంసారి కంటే కాస్త ఆలస్యంగా తీసుకుంటుంది. 1950లో ఫిలిప్స్‌లో యాన్సెన్ ఇలాంటి స్కోప్ గురించి రాశారు. 1952లో ఇంగ్లండ్‌లో మెక్వీన్ ఈ పద్ధతిని ఇంకా ముందుకి తీసుకెళ్లారు. 1960లో హెచ్‌పీ 185ఎ, 500 మెగాహెర్ట్జ్ దాకా చూడగలిగే స్కోపుగా మార్కెట్‌లోకి వచ్చింది.

కానీ ఒక రోజు 8:50కి, ఇంకో రోజు 9:07కి మేడెక్కితే? బొమ్మ చెదిరిపోతుంది. ఆ చెదురుడే జిట్టర్.

"సగటు తీస్తే పోతుంది కదా" అంటారు. పాత స్కోపుల్లో దానికి స్మూతింగ్ అని ఒక నాబ్ కూడా ఉండేది. వోల్టేజ్‌లో ఉన్న గోలకి అది పనిచేస్తుంది. టైములో ఉన్న చెదురుడుకి మాత్రం కాదు. అటూ ఇటూ ఊగే అంచులకి సగటు తీస్తే, నున్నగా కనిపించే మొద్దు అంచు వస్తుంది. లెక్క చూడండి: అసలు అంచు 25 పికోసెకన్లలో లేస్తోంది, జిట్టర్ 10 పికోసెకన్లు (ఆర్‌ఎమ్‌ఎస్). సగటు తీసిన బొమ్మలో అది సుమారు 36 పికోసెకన్లుగా కనిపిస్తుంది. అందంగా ఉంటుంది, అబద్ధం చెప్తుంది.

మందు ఒక్కటే, ట్రిగర్ అంచుని పదును చేయడం. సర్క్యూట్‌లో 1 మిల్లీవోల్ట్ గోల ఉందనుకుందాం. ట్రిగర్ 25 నానోసెకన్లలో 200 మిల్లీవోల్టులు లేస్తే, ఆ గోల 125 పికోసెకన్ల జిట్టర్ అవుతుంది. అదే 25 పికోసెకన్లలో లేస్తే 0.125 పికోసెకనుకి దిగుతుంది. గోల అంతే ఉంది, అంచు మాత్రం వెయ్యి రెట్లు నిటారుగా అయింది.

ఆ పదును ఇచ్చింది టన్నెల్ డయోడ్. 1957లో జపాన్‌లో సోనీలో పనిచేస్తున్న లియో ఎసాకి దీన్ని కనిపెట్టారు. 1973లో ఆయనకి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. దీన్ని ఒక కరెంట్ హద్దుకి కొంచెం కింద నిలబెట్టి ఉంచితే, చిన్న తోపుకే టక్కున పై స్థాయికి దూకుతుంది. మధ్యలో ఆగే చోటు లేదు. అందుకే స్కోపులో దీనికి రెండు ఉద్యోగాలు: ట్రిగర్ క్షణాన్ని పట్టుకోవడం, పరీక్ష కోసం పదునైన అంచు పుట్టించడం. టెక్ట్రానిక్స్ ఎస్-52 అనే చిన్న పల్స్ హెడ్ ఇలాగే 25 పికోసెకన్ల అంచు ఇచ్చేది.

ఇలాంటి పాత స్కోప్ మీ చేతికొస్తే మూడు విషయాలు చూసుకోండి. ట్రిగర్‌కి సైన్ వేవ్ బదులు నిటారు పల్స్ ఇవ్వండి. ట్రిగర్‌కీ, చూడాల్సిన అంచుకీ మధ్య ఆలస్యం వీలైనంత తగ్గించండి, ఎందుకంటే ఆలస్యం పెరిగేకొద్దీ జిట్టర్ కూడా పెరుగుతుంది. స్మూతింగ్ తిప్పేముందు, ఒకసారి అది లేకుండా చుక్కలు ఎంత చెదురుతున్నాయో కళ్లారా చూడండి.

ఇది పాత సామాన్ల మీద మోజు మాత్రమే కాదండి. సెకనుకి 10 గిగాబిట్లు మోసే లింకులో ఒక్కో బిట్ బతికేది 100 పికోసెకన్లే. జిట్టర్ అందులోంచే కోసుకు తింటుంది. మీరు ఈ వీడియో చూడగలుగుతున్నారంటే, ఎక్కడో ఎవరో ఆ అంచుల్ని పదునుగా ఉంచారని అర్థం.

నరసింగరావు గారికి శుక్రుడి వేగాన్ని పెంచే అవకాశం లేదు. ఆకాశం ఇచ్చిన అంచుతోనే సర్దుకోవాలి. 83 ఏళ్ల తర్వాత మనిషి తన అంచుని తానే చెక్కుకోవడం నేర్చుకున్నాడు. వచ్చే ఎపిసోడ్‌లో అదే అంచుని కేబుల్లోకి పంపి, తెగిన చోటు ఎంత దూరంలో ఉందో ఎలా పట్టుకుంటారో చూద్దాం. ఉంటాను.