ఐర్లండు, పోలండు: పాలకులూ పరిహాసమూ

పాలకుల్ని పరిహసించడం ప్రగతికి తోడ్పడుతుందా, శత్రువుకు తోడ్పడుతుందా అన్న ప్రశ్న విద్యార్థులూ ఉపాధ్యాయులూ కూడిన ప్రతిచోటా ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే వుంటుంది. పాలకుడు పరాయివాడైనప్పుడు జవాబు తేలిక. పాలకుడు మనవాడైనప్పుడే చిక్కంతా. ఈ చిక్కును పరిశీలించడానికి ఐర్లండు, పోలండు చరిత్రలు బాగా పనికివస్తాయని నా అభిప్రాయం. రెండూ పరాయి పాలన కింద నలిగిన దేశాలు. రెండింటా రైతుల దారిద్ర్యమూ, కాథలిక్ చర్చి పలుకుబడీ మెండు. రెండింటా స్వంత ప్రభుత్వం ఏర్పడిన కొద్దికాలానికే సెన్సారు వచ్చి పీట వేసుకుని కూర్చుంది.

ముందు ఐర్లండు సంగతి చూద్దాం. 1722లో విలియం వుడ్ అనే ఇంగ్లీషు వ్యాపారి, రాజుగారి ప్రియురాలి చెయ్యి తడిపి, ఐర్లండుకు రాగి అర్ధపెన్నీలు పోతపోసే హక్కు సంపాదించాడు. డబ్లిన్‌లో చర్చి అధికారిగా వున్న జోనాథన్ స్విఫ్ట్ 1724లో బట్టలకొట్టు వర్తకుడి పేరు పెట్టుకుని, ఆ నాణేలు ముట్టవద్దని ప్రజలకు లేఖలు అచ్చువేయించాడు. రచయితను పట్టి ఇచ్చినవారికి 300 పౌన్ల బహుమానం ప్రకటించారు. రాసిందెవరో ఊరందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. 1725లో వుడ్ హక్కు రద్దయింది. గెలిచింది స్విఫ్ట్ కలమొక్కటే కాదు. నాణెం ముట్టమన్న జనం దాని వెనక నిలబడ్డారు.

1729లో అతనే మరొక పుస్తకం వేశాడు. బీదల పసిపిల్లల్ని ఏడాది నిండగానే ధనికుల భోజనానికి అమ్మితే దేశ దారిద్ర్యం తీరుతుందని, ఆర్థిక నిపుణుడి గొంతుతో, ధరవరలతో సహా లెక్కగట్టి చూపాడు. ఆ హేళన పిల్లల మీద కాదు, మనిషిని సరుకుగా లెక్కించే శాస్త్రం మీద. ఈ పుస్తకానికి గెలుపు దక్కలేదు. 1845 నుంచి బంగాళాదుంప పంట తెగులు సోకి పోయింది. సుమారు పదిలక్షల మంది ఆకలికీ రోగాలకూ బలి అయ్యారు. ఆ కరువులోనూ ఐరిష్ రేవుల నుంచి ధాన్యమూ పశువులూ ఇంగ్లండుకు తరలిపోతూనే వున్నాయి. వ్యాపార సూత్రాలకు అడ్డుతగలరాదని పాలకులు గంభీరంగా వాదించారు. స్విఫ్ట్ ఎగతాళిగా అన్నదాన్ని వీరు నవ్వకుండా అమలు జరిపారు.

1922లో స్వతంత్ర రాజ్యం వచ్చింది. 1929లో పుస్తకాల సెన్సారు చట్టమూ వచ్చింది. దాని తీర్పుల్లో ఒకటి చెబితే చాలు. బ్రయన్ మెరిమన్ 18వ శతాబ్దంలో ఐరిష్ భాషలో రాసిన వ్యంగ్యకావ్యం ఒకటి వుంది. అందులో స్త్రీలు పురుషుల మీద, మతగురువుల బ్రహ్మచర్యం మీద న్యాయస్థానంలో ఫిర్యాదు చేస్తారు. దాన్ని ఫ్రాంక్ ఓకానర్ ఇంగ్లీషులోకి తెస్తే ఆ అనువాదాన్ని 1946లో నిషేధించారు. ఐరిష్ మూలం జోలికి మాత్రం పోలేదు! జాతీయ భాషను అంతగా కీర్తించే ప్రభుత్వానికి, ఆ భాషలో చదివేవారు ఎందరో బాగా తెలుసునన్నమాట.

అదే భాషలో బ్రయన్ ఓనోలన్ 1941లో ఒక నవల వెలువరించాడు. పట్నం నుంచి వచ్చిన భాషాభిమానులు పల్లెవాడి పలుకుబడికి మురిసిపోతారు; వాడి కడుపు కాలడం మాత్రం వారి కంట పడదు. ఓనోలన్ ప్రభుత్వోద్యోగి, మారుపేరుతో పత్రికలో శీర్షిక నడిపి పెద్దల్ని ఎండగట్టేవాడు. 1953లో ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది.

ఇక పోలండు. 1795లో మూడు సామ్రాజ్యాలు ఆ దేశాన్ని పూర్తిగా పంచుకున్నాయి. 1918లో గాని అది తిరిగి లేవలేదు. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత శ్రామికవర్గం పేరిట ప్రభుత్వం ఏర్పడింది. 1946లో సెన్సారు కార్యాలయం వెలిసింది. 1956 జూన్‌లో పోజ్నాన్ కార్మికులు రొట్టె కోసం వీధికెక్కితే సైన్యం కాల్చింది, పదులమంది చనిపోయారు. కాల్చినది కార్మిక రాజ్యం, పడినవారు కార్మికులు. వామపక్షాభిమానులం ఈ వాక్యం దగ్గర తొందరపడి పేజీ తిప్పగూడదు. విద్యార్థి పత్రిక 'పో ప్రోస్తు' ఇటువంటి ప్రశ్నలే అడిగింది. దాన్ని నడిపినవారు సోషలిజాన్ని నమ్మిన యువకులే. 1957 అక్టోబరులో పత్రికను మూయించి, నిరసన తెలిపిన విద్యార్థుల్ని లాఠీలతో చెదరగొట్టారు.

స్లావోమిర్ మ్రోజెక్ 'ఏనుగు' కథ వున్న సంపుటం వెలువడింది కూడా ఆ ఏడే. ఒక జంతుప్రదర్శనశాల అధికారి, పొదుపు చేసి పైవారి మెప్పు పొందాలని, అసలు ఏనుగుకు బదులు రబ్బరు ఏనుగును పెట్టిస్తాడు. నౌకర్లు దానిలో గ్యాసు నింపుతారు. పంతులు బడిపిల్లల్ని తీసుకొచ్చి ఏనుగు బరువును గురించి పాఠం చెబుతూండగా, గాలి వీచి ఏనుగు ఆకాశానికి ఎగిరిపోతుంది. ఆ పిల్లలు తర్వాత చదువు మానేసి అల్లరిమూకలవుతారు, ఏనుగులున్నాయంటేనే నమ్మరు.

ఉపాధ్యాయులు ఈ కథను ఒకటికి రెండుసార్లు చదవాలని నా కోరిక. ఏనుగు లేదని మ్రోజెక్ అనలేదు. రబ్బరు ఏనుగును చూపితే నిజమైన ఏనుగు మీదనే నమ్మకం పోతుందన్నాడు. సోషలిజానికి హాని చేసింది కథకుడా, అధికారా? 1968లో చెకోస్లొవేకియా మీదికి సైన్యాలు నడిచినప్పుడు మ్రోజెక్ విదేశం నుంచి నిరసించాడు. స్వదేశంలో అతని రచనల్ని కొంతకాలం తొక్కిపెట్టారు.

1980లలో వ్రోత్స్వావ్ నగరంలో ప్రభుత్వ వ్యతిరేక నినాదాల మీద పోలీసులు సున్నం పూస్తే, కుర్రవాళ్లు ఆ మచ్చల మీద మరుగుజ్జుల బొమ్మలు వేశారు. 1988 జూన్ 1న వేలాదిమంది మరుగుజ్జు టోపీలతో ఊరేగారు. మరుగుజ్జుల్ని అరెస్టు చేస్తే పోలీసులే నవ్వులపాలు. ఇక్కడ కూడా, గ్డాన్స్క్ ఓడల కార్మికుల సమ్మెలు లేకుండా ఈ టోపీలొక్కటే ఏమీ సాధించివుండేవి కావు.

1990లో పోలిష్ సెన్సారు రద్దయింది. అయినా మతభావాల్ని నొప్పించినవారికి రెండేళ్లదాకా జైలు విధించే 196వ సెక్షను 1997 శిక్షాస్మృతిలో చేరింది. ఐర్లండు 2009లో దైవదూషణకు 25,000 యూరోల దాకా జరిమానా పెట్టింది. 2018 ప్రజాభిప్రాయ సేకరణలో జనం ఆ నేరాన్ని రాజ్యాంగం నుంచి తీసివేశారు. 2004 తర్వాత పోలిష్ కార్మికులు పొట్టకూటికి ఐర్లండు చేరారు. 2016 జనాభా లెక్కల్లో వారు 1,22,515 మంది. ఒకప్పుడు తన బిడ్డల్ని ఓడలెక్కించిన దేశం పరాయి బిడ్డల చౌక శ్రమ మీద లాభం తీయడం నేర్చింది. స్విఫ్ట్ వుంటే ఆ లెక్కలూ కట్టివుండేవాడు.

ఇంతకూ నేను చెప్పేదేమంటే: వ్యంగ్యం ఉద్యమానికి బదులు కాదు, ఉద్యమం వెనక లేనప్పుడు అది కరువును ఆపలేదు. కాని ప్రజల పేరిట నడిచే ప్రభుత్వమో, పార్టీయో, పత్రికో తన మీది నవ్వును శత్రువు కుట్రగా భావించడం మొదలుపెడితే, అక్కడ రబ్బరు ఏనుగు తయారవుతున్నదని గ్రహించాలి. దాన్ని ముందుగా వేలెత్తి చూపవలసిన బాధ్యత మనదే. మనం చూపకపోతే, అది ఎగిరిపోయేటప్పుడు పిల్లలందరూ చూస్తారు.