మారుమనస్సు: క్రైస్తవ చరిత్రలో పశ్చాత్తాప భావన పరిణామం

ఉపోద్ఘాతం

పశ్చాత్తాపమంటే చేసిన పాపానికి దుఃఖించడమా, విధించిన దండనను నెరవేర్చడమా, లేక నడిచే దారినే మార్చుకోవడమా అన్న ప్రశ్నకు క్రైస్తవ సంఘం అన్ని కాలాల్లో ఒకే సమాధానం చెప్పలేదు. తెలుగు బైబిలులో ఇందుకు సంబంధించి మూడు మాటలు కనిపిస్తాయి. లేవీయకాండంలో యాజకుడు బలి ద్వారా జరిపేది ‘ప్రాయశ్చిత్తము’. యేసును అప్పగించిన యూదా పొందినది ‘పశ్చాత్తాపము’ (మత్తయి 27:3). బాప్తిస్మమిచ్చు యోహాను, యేసు ప్రజలను పిలిచినది ‘మారుమనస్సు’కు (మత్తయి 3:2, 4:17). ఈ అర్థభేదం ఆధారంగా పశ్చాత్తాప భావన పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మూలభాషల్లో పశ్చాత్తాపం, హృదయశుద్ధి

హీబ్రూ ‘షూబ్’ ధాతువుకు మరలడం, తిరిగి రావడం అని అర్థం. ప్రవక్తల పిలుపులో ప్రధానమైనది ఈ మరలిక. గ్రీకు ‘మెటనోయియా’ మనస్సు మారడాన్ని తెలుపుతుంది. యూదా విషయంలో మత్తయి వాడిన క్రియ వేరు. అది జరిగినదానికి విచారపడటాన్ని సూచిస్తుంది. యూదా తప్పు ఒప్పుకొన్నాడు, ముప్పది వెండినాణెములు తిరిగి ఇచ్చాడు. అయినా ఆ దుఃఖం అతణ్ణి కొత్త జీవితానికి కాక ఆత్మహత్యకు చేర్చింది. రెండు వేర్వేరు మాటలు వాడి తెలుగు అనువాదం ఈ భేదాన్ని నిలిపింది.

హృదయశుద్ధి విషయంలో అటువంటి స్పష్టత దక్కలేదు. 51వ కీర్తనలో శుద్ధహృదయం కోసం చేసిన ప్రార్థనలోని హీబ్రూ క్రియ ‘బారా’. ఆదికాండం తొలి వాక్యంలో సృష్టిని చెప్పే క్రియ కూడా అదే. తెలుగులో అక్కడ ‘సృజించెను’ అనీ, ఇక్కడ ‘కలుగజేయుము’ అనీ ఉన్నందున ఆ సంబంధం పాఠకునికి కనిపించదు. తనను కడగమని వేడుకొన్న కీర్తనకారుడు అంతటితో ఆగక, కొత్త హృదయాన్ని సృష్టించమని కోరుతున్నాడు. అది మనిషి స్వశక్తితో సాధించేది కాదన్నది ఇందులోని భావం.

బహిరంగ దండన నుంచి పాపసంకీర్తనం వరకు

లాటిన్ బైబిలులో ‘మెటనోయియా’ స్థానంలో ‘పెనిటెన్షియా’ నిలిచింది. మారుమనస్సు పొందుమన్న పిలుపు ‘పెనిటెన్షియా చేయండి’ అన్న రూపం దాల్చింది. గ్రీకు పదానికి మనసు మారడమనే అర్థమున్నదని 3వ శతాబ్ది ఆరంభంలోనే తెర్తుల్లియన్ గుర్తించాడు. అయినా సంఘజీవితంలో ఆ మాట క్రమంగా ఒక ఆచరణకు పేరైంది. ఘోరపాపం చేసినవారిని ప్రభు భోజనానికి దూరముంచి, బహిరంగ దండన పూర్తయ్యాక తిరిగి చేర్చుకొనేవారు. క్రీ.శ. 390లో థెస్సలొనీక ప్రజల ఊచకోతకు కారకుడైన థియోడొసియస్ చక్రవర్తిని మిలాను బిషప్ అంబ్రోజ్ ఈ నియమానికి లోబరిచాడు.

6వ శతాబ్ది నుంచి ఐర్లండు సన్యాసులు ఏ పాపానికి ఎన్నాళ్ల ఉపవాసమో నిర్ణయించే గ్రంథాలను రూపొందించారు. దండన రహస్యమైంది, పలుమార్లు పొందదగినదీ అయింది. 1215లో నాల్గవ లాటరన్ సభ ఏటా ఒకసారైనా పాపసంకీర్తనం చేయడం విధిగా ప్రకటించింది. ఈ పద్ధతి సామాన్యునికి ఆత్మపరీక్షను అలవాటు చేసింది. అయితే దండనకు కొలత ఏర్పడినప్పుడు దానికి మారకం కూడా ఏర్పడింది. ఉపవాసానికి బదులు ధనం చెల్లించే వీలు కలిగింది. అనంతరకాలంలో పాపపరిహార పత్రాల విక్రయమూ సాగింది.

పదార్థ విచారణ, సంస్కరణ

15వ శతాబ్దంలో లోరెంజో వల్లా, 1516లో గ్రీకు కొత్త నిబంధనను ప్రచురించిన ఎరాస్మస్ లాటిన్ అనువాదాన్ని గ్రీకు మూలంతో పోల్చి పరిశీలించారు. 1517లో మార్టిన్ లూథర్ తన 95 ప్రతిపాదనల్లో మొదటిదానిలోనే విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్నాడు. గ్రీకు పదం అర్థం తెలిసినప్పుడు తన అవగాహన ఎలా మారిందో 1518లో స్టౌపిట్జ్‌కు రాసిన లేఖలో వివరించాడు. అయితే బాహ్యజీవితంలో ఫలించని ఆంతరంగిక పశ్చాత్తాపం వ్యర్థమని లూథర్ మూడవ ప్రతిపాదన చెబుతుంది. 1551లో ట్రెంట్ సభ పాపసంకీర్తన సంస్కారాన్ని సమర్థిస్తూనే, పాపంపై ఏవగింపునూ తిరిగి చేయకూడదన్న నిశ్చయాన్నీ అందులో మొదటి అంగంగా నిలిపింది. అంతరంగ పరివర్తన అవసరమన్న విషయంలో ఇరుపక్షాలకూ భేదం లేదు. దానికి సంఘం విధించే క్రియతో ఉన్న సంబంధం గురించే వివాదం.

ఉపసంహారం

ఈ చరిత్రలో బాధితుని ప్రస్తావన అరుదు. చక్రవర్తి ప్రభు భోజనానికి తిరిగి అర్హుడయ్యాడు. హతుల కుటుంబాలకు ఆ దండన వల్ల ఒరిగినదేమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. జక్కయ్య వృత్తాంతంలో (లూకా 19:1-10) మారుమనస్సు అన్న మాటే లేదు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు చెల్లిస్తాననీ అతడు చెప్పాడు. ఇక్కడ ధనం దండనకు మారకం కాదు, నష్టపోయినవారికి చేరవలసిన సొమ్ము. దుఃఖం, దండన, మనోపరివర్తన అన్న మూడు అర్థాల నడుమ సాగిన చర్చలో ఈ నాల్గవ అంశాన్ని, అంటే నష్టపోయినవారికి న్యాయం చేయడాన్ని, చేర్చి చూసినప్పుడే ‘మారుమనస్సు’ అన్న పదం విస్తృతి పూర్తిగా అర్థమవుతుంది.