రోహ్నా అనే కూలీల ఓడ

నౌకల చరిత్రలో యుద్ధనౌకలకు దొరికిన చోటు సరకు ఓడలకు దొరకలేదు. కూలీలను మోసిన ఓడలకు బొత్తిగా దొరకలేదు. 'రోహ్నా' అటువంటి ఓడ. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కోసం 1926లో ఇంగ్లండులోని టైన్ నది ఒడ్డున హాథార్న్ లెస్లీ వారు దీనిని నిర్మించారు. పరిమాణం 8,602 టన్నులు. ఆ కంపెనీవారికి ఓడలకు మన ఊళ్ళ పేర్లు పెట్టే అలవాటుండేది. రోహ్నా నాటి పంజాబులోని ఒక పల్లె. దీనికి తోడుగా వచ్చిన 'రజులా' గుజరాతులోని ఊరు.

మద్రాసు, నాగపట్నం, పెనాంగు, సింగపూరు: ఇదీ ఈ ఓడల దారి. సరకుతోపాటు వేలాది డెక్కు ప్రయాణికులు. చాప పరచుకొన్నంత మేరే వారి చోటు. వారిలో అధికసంఖ్యాకులు తమిళులు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాలనుండి మద్రాసు చేరి మలయాకు పోయిన తెలుగువారూ ఉన్నారు. పేరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరితోటల తెలుగు కుటుంబాలు ఆ వలసల సంతతే. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల పంపకాన్ని నిషేధించింది.

మా నిర్మల్‌కు గోదావరి తెలుసు గాని సముద్రం తెలియదు. అయినా ఈ కథ మాకు పరాయిది కాదు. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో తండ్రి దుబాయిలో ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవారు. కంగాణి స్థానంలో ఏజెంటు, ఓడ స్థానంలో విమానం వచ్చాయి. చేసే అప్పు మాత్రం అదే.

1940లో బ్రిటిష్ ప్రభుత్వం రోహ్నాను సైనికుల రవాణాకు తీసుకొన్నది. 1943 నవంబరులో సుమారు రెండువేలమంది అమెరికన్ సైనికులతో అల్జీరియాలోని ఓరాన్ రేవు విడిచి, తూర్పునకు పోయే నౌకాదండులో చేరింది. 26వ తేదీ సాయంత్రం జర్మన్ విమానాలు మీదపడ్డాయి. అందులో ఒకటి విడిచిన హెన్షెల్ 293 బాంబు మామూలుది కాదు. రేడియో సంకేతాలతో విమానంలోనుండే దారి మళ్ళించగలిగినది. అది ఓడ పక్కను చీల్చుకొని లోపల పేలింది. లైఫ్ బోట్లు చాలావరకు దిగనే లేదు. దిగిన వాటిలో కొన్ని జనం ఎక్కువై మునిగాయి. చీకటి, చలి, ఎగసే అలలు. 'పయనీర్' అనే అమెరికన్ నౌక 606 మందిని బయటకు తీసింది. 1,015 మంది అమెరికన్ సైనికులు మరణించారు. శత్రుచర్య వల్ల సముద్రంమీద ఒకే ఘటనలో ఆ దేశ సైన్యం ఇంతమందిని మరెన్నడూ పోగొట్టుకోలేదు. కొత్త ఆయుధం సంగతి బయట పడరాదని మృతుల కుటుంబాలకు కూడా వివరాలు చెప్పలేదు. 2000 సంవత్సరంలో గాని అమెరికన్ కాంగ్రెసు వారిని స్మరిస్తూ తీర్మానం చేయలేదు.

మరి ఓడను నడిపినవారు? సిబ్బంది 195 మందిలో సగానికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు భారతీయ కళాసీలు. (కళాసీ, సరంగు అనే మాటలు అరబ్బీ, పారసీలనుండి రేవుల మీదుగా మనకు వచ్చినవి.) బతికిన సైనికులు కొందరు, కళాసీలు తమ ప్రాణాలే చూసుకొన్నారని నిందించారు. కావచ్చు. అయితే ఆ రాత్రి గురించి సైనికుల సాక్ష్యాలు పుస్తకాలకెక్కాయి, కళాసీల మాట ఎక్కలేదు. ఒక పక్షం మాటతో తీర్పు చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం. రెండవ ప్రపంచయుద్ధంలో సముద్రం పాలైన మన నావికులు ఆరు వేలకు పైగా ఉన్నారు. వారి పేర్ల పుస్తకాలు ముంబయిలోనూ చిట్టగాంగులోనూ ఉన్నాయి.

రజులా మాత్రం యుద్ధం దాటి బయటపడింది. మళ్ళీ మద్రాసు–సింగపూరు దారినే మూడు దశాబ్దాలకు దగ్గరగా తిరిగింది. 1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దానిని కొని 'రంగత్' అని పేరు మార్చింది. మరుసటి యేడు తునకలు చేశారు.