పైవస్త్రం తాకట్టు

బైబిలు చెప్పే న్యాయం అనగానే చాలామందికి దానధర్మాలే గుర్తొస్తాయి. నిజానికి ఆ బోధ మొదలైంది అప్పుల దగ్గర, కూలి దగ్గర, కోతల దగ్గర.

పేదవాడి పైవస్త్రం తాకట్టు పెట్టుకుంటే పొద్దుగుంకేలోగా తిరిగి ఇచ్చెయ్యాలంటుంది నిర్గమకాండం 22వ అధ్యాయం. రాత్రి వాడు కప్పుకోవడానికి ఉన్నది ఆ గుడ్డ ఒక్కటే. ద్వితీయోపదేశకాండం మరింత ముందుకు వెళ్లి, విధవరాలి బట్టను అసలు తాకట్టు పట్టకూడదంది. పొలంలో మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లొద్దని, అది పరదేశికి, తండ్రిలేని బిడ్డకు, విధవరాలికి వదిలెయ్యాలని కూడా చెప్పింది. మోయాబు నుంచి వచ్చిన రూతు బోయజు చేలో పరిగె ఏరుకోగలిగింది ఇలాంటి కట్టడి ఉండబట్టే.

చట్టం ఉన్నంత మాత్రాన అది అమలవుతుందా? క్రీ.పూ. 8వ శతాబ్దంలో తెకోవ కాపరి ఆమోసు, తాకట్టు బట్టల మీద బలిపీఠాల పక్కనే పడుకునేవాళ్లను పేరుపేరునా కాకపోయినా ముఖం మీదే నిలదీశాడు.

ఈ బాధ గ్రంథంలోనే ఉండిపోలేదు. 1960లో ఇశ్రాయేలు తీరాన, యవ్నెయాముకు దక్షిణంగా ఉన్న ఒక పాత కోటలో, సిరాతో హీబ్రూలో రాసిన కుండపెంకు దొరికింది. క్రీ.పూ. 7వ శతాబ్దం చివరినాటిది. ఒక కోతకూలీ అధికారికి పెట్టుకున్న అర్జీ అది. కోత ముగించి ధాన్యం కొట్టుకు చేర్చాక తన బట్ట లాక్కుపోయారని, తన తప్పేమీ లేదని, ఎండలో తనతో కోసినవాళ్లు సాక్ష్యం చెబుతారని మొరపెట్టాడు. బట్ట తిరిగి వచ్చిందో లేదో పెంకులో లేదు. నన్ను ఏ ప్రసంగం కన్నా ఎక్కువగా కదిలించింది ఈ అర్జీయే.

తొలి సంఘానికీ ఈ పరీక్ష తప్పలేదు. రోజూ పంచే ఆహారంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వస్తే, యెరూషలేములో ఏడుగురిని ఆ పనికి నియమించారు. కోతకూలీల కూలి ఎగ్గొట్టిన ధనికులను యాకోబు పత్రిక గట్టిగా హెచ్చరించింది. 4వ శతాబ్దపు కరువులో, కప్పదొకియలోని కైసరయలో, క్రైస్తవ బోధకుడు బాసిల్ ధాన్యం దాచుకున్నవాళ్లను తప్పుపట్టాడు. పెట్టెలో దాచిన బట్ట కట్టుకోను గుడ్డలేనివాడిదని బోధించాడు. తర్వాత రోగులకు, పేదలకు ఆశ్రయం కట్టించాడు.

కూలి పొద్దుగుంకకముందే ఇవ్వాలన్నదీ ద్వితీయోపదేశకాండం ఆజ్ఞే. ఈ ఆదివారం కానుక వేసేముందు, మన ఇంట్లో, మన మందిరంలో పనిచేసేవాళ్లకు కూలి బాకీ ఉంటే ముందు అది తీర్చండి.