బళ్లారి సీమలో ప్రయాణాల లెక్క

ఒక దారి వేస్తే దానిమీద ఎంత రాకపోకలు సాగుతాయి, దానివల్ల కలిగే మేలు విలువ ఎంత అన్న ప్రశ్న బళ్లారి సీమకు కొత్తది కాదు. కోస్తా ఉప్పు లంబాడీల పెరికెద్దుల మీద దత్తమండలాలకు వచ్చిన రోజుల్లోనే సర్ ఆర్థర్ కాటన్ సరుకు రవాణాకు టన్నుకు, మైలుకు అయ్యే ఖర్చును లెక్కగట్టి, కాలువకూ రైలుకూ బేరీజు వేశాడు. అయితే ఈ తరహా లెక్కకు కదిలే సరుకే ఆధారం, దారి లేక ఆగిపోయినది దానికి అందదు.

1876–78 కరువు ఈ కొరతను నిర్దాక్షిణ్యంగా బయటపెట్టింది. మద్రాసు ధాన్యం రైలులో బళ్లారి దాకా వచ్చినా, దాన్ని పల్లెలకు చేర్చవలసిన ఎడ్లు మేతలేక చనిపోయాయి. 1880 నాటి కరువు కమిషన్ దేశానికి 20,000 మైళ్ల రైలుమార్గం అవసరమని చెప్పి, కరువునుంచి కాపాడే మార్గాలను రాబడితోనే తూచరాదన్న వాదానికి బలమిచ్చింది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే బళ్లారి–హోస్పేట–గదగ్ మార్గం ఈ కోవలోనిదే, కూరెకుప్ప అనే ఊరి పక్కనున్న తోరణగల్లు స్టేషను దానిమీదే ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో లెక్క ఇంటి గడప దాకా వచ్చింది. 1950లలో డెట్రాయిట్, షికాగో నగరాల్లో ఇంటింటి సర్వేలు జరిపి, ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి, దేనిమీద వెళ్తున్నారో అడిగి భవిష్యత్ రద్దీని అంచనా కట్టారు. భారతదేశంలో 1977–82 మధ్య జరిగిన రోడ్డు వినియోగ వ్యయ అధ్యయనం వాహనాల ఇంధనాన్నీ వేగాన్నీ కొలిచింది. ఇంకా లేని సౌకర్యం సంగతి వేరు, దానికి ఊహా ప్రశ్నలే దిక్కు. పది రూపాయలు ఎక్కువైనా ఇరవై నిమిషాలు మిగిల్చే బస్సును ఒకడు ఎంచుకుంటే, అతని గంట విలువ కనీసం ముప్పై రూపాయలని ఈ పద్ధతి తేలుస్తుంది. అయితే నోటితో ఎంచుకున్నదానికి చేతినుంచి డబ్బు రాలదు కనుక, ఈ జవాబులను నిజమైన ప్రయాణాలతో సరిచూడక తప్పదు. ఇలాంటి ఎంపికల గణితాన్ని తీర్చిదిద్దిన డేనియల్ మెక్‌ఫాడెన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

1970లో విజయనగర ఉక్కు కర్మాగారాన్ని ప్రకటించిన తరువాత కాలక్రమంలో తోరణగల్లు పరిసరాలు పారిశ్రామిక ప్రాంతంగా మారి, ఇక్కడి రహదారుల మీద ఇనుపఖనిజం లారీలు పెరిగాయి. రోడ్డు పక్క నిలబడి వాహనాలను లెక్కించే సర్వేకు ఆ లారీలే కనిపిస్తాయి గానీ, కూరెకుప్ప నుంచి కాలినడకన పనికి వెళ్లేవారూ, బస్సు లేక చదువు మానేసేవారూ కనిపించరు. ఇలాంటి ఊళ్లకు లారీల లెక్క చాలదు, ఇంటింటి సర్వేయే తగినది.